గండికోటలో పై తాడు, కింది తాడు

తెనాలిలో మా కర్రీ పాయింటు ముందు మునిసిపాలిటీ వాళ్ళు మురుగు కాలువ కోసం రోడ్డు తవ్వారు. తవ్వినవాళ్ళు తవ్వి వెళ్ళిపోయారు. అంత గుంత దాటి నా గుత్తి వంకాయ కూర కోసం ఎవరొస్తారు? కొన్నాళ్ళు వండినదంతా ఇంట్లోవాళ్ళమే తిన్నాం. తర్వాత పొయ్యి ఆర్పేశాను. ఇరవై ఏళ్ళలో నాకు దొరికిన మొదటి సెలవు అది.

ఖాళీగా కూర్చుని ఫోన్లో ఒక వీడియో చూశాను. కడప జిల్లా గండికోటలో, పెన్నా నది ఎర్రటి కొండల్ని నిలువునా కోసుకుంటూ పోయే చోట, ఒక అమ్మాయి తాడు పట్టుకుని కొండ అంచు నుంచి వెనక్కి నడుస్తూ లోయలోకి దిగుతోంది. పైగా నవ్వుతోంది. నాకు యాభై దాటాయి. మేడ మీద బట్టలు ఆరేయడానికి వెళ్ళినా పిట్టగోడ దగ్గరికి పోను. అయినా ఆ పిల్ల నవ్వు నన్ను పట్టుకుని వదల్లేదు.

మా ఆయనతో చెబితే, "కొండ ఎక్కితే పుణ్యమన్నా వస్తుంది. దిగడానికి డబ్బు కట్టడమేంటి?" అన్నాడు. కాసేపాగి, "అయినా అటువైపు బాంబులేసుకుంటారు" అని కూడా అన్నాడు. ఆయన కడప జిల్లా ఎప్పుడూ చూడలేదు. నేనూ చూడలేదు. మా కోస్తా వాళ్ళకి ఆ జిల్లా గురించి తెలిసిందంతా సినిమా హాల్లో కూర్చుని తెలుసుకున్నదే. ఆయన రానన్నాడు కాబట్టి నేనొక్కదాన్నే బయలుదేరాను.

పులివెందుల

బస్టాండులో దిగగానే జీపులూ కత్తులూ ఏమైనా కనిపిస్తాయేమోనని, సిగ్గు విడిచి చెబుతున్నాను, రెండు వైపులా చూశాను. వెడల్పాటి రోడ్లు, నడుమ పూల మొక్కలు, అరటి గెలలు ఎత్తుతున్న లారీలు కనిపించాయి. ఎవరి పని వాళ్ళు చేసుకుంటున్నారు.

బస్టాండు బయట ఒకావిడ గంపలో బత్తాయిలు పెట్టుకుని అమ్ముతోంది. వాటిని అక్కడ చీనీలంటారు. బేరం మొదలుపెట్టేలోపే ఆవిడ నన్ను మొదలుపెట్టింది.

"యా ఊరు మా?"

"తెనాలి."

"ఒక్కదానివే వచ్చినావా? మొగుడు రాలేదా? ఉండాడా అసలు?"

మా వైపు కొత్త మనిషిని ఇలా అడిగితే అక్కడే పోట్లాట అవుతుంది. మేం "అయ్యగారు ఏం చేస్తుంటారండీ" అని ఊరంతా తిరిగి చివరికి అక్కడికే వస్తాం. ఆవిడ నేరుగా వచ్చింది, అంతే తేడా. ఉన్నాడనీ, రానన్నాడనీ, గండికోటలో తాడు పట్టుకుని కొండ దిగడానికి వెళ్తున్నాననీ చెప్పాను.

"దిగేకి దుడ్లు కడతారా? మా గొర్రెలు దినామూ దిగుతాండాయి, వాటికి ఎవురూ ఒక్క రూపాయి ఇయ్యలేదే!" అని ఆవిడ గంప పట్టుకుని నవ్వింది. ఆవిడకీ మా ఆయనకీ పరిచయం లేకపోవడం నా అదృష్టం. అన్నీ తూచాక ఇంకో రెండు చీనీలు సంచిలో వేసి, "పైలంగా పోయిరా మా" అంది. పైలమంటే జాగ్రత్త.

సింహాద్రిపురం

తెలియక చుట్టుదారి బస్సెక్కాను. అది సింహాద్రిపురం దగ్గర పంక్చరై ఆగింది. రోడ్డు పక్కన ఒకే రేకుల షెడ్డు కింద రెండు కొట్లున్నాయి, మధ్యలో తడిక. ఒకదాంట్లో టీ, రెండోదాంట్లో మిరపకాయ బజ్జీలు. టీ తాగి, తడిక అవతలకి వెళ్ళి బజ్జీలు తీసుకున్నాను. రెండు కొట్ల బల్లల మీద ఉన్నవాళ్ళంతా ఒక్కసారిగా నా వైపు తిరిగారు. చీర ఎక్కడైనా చిరిగిందేమోనని కొంగు సర్దుకున్నాను.

అప్పుడు టీ కొట్టాయన నాతో అన్నాడు. "అమ్మా, ఆ బజ్జీలాయనకు చెప్పు, గ్యాసోళ్ళు ఆయన సిలిండరు గూడా నా కాడనే దించి పోయినారని."

బజ్జీలాయన నా మోచేతి పక్కనే ఉన్నాడు. విన్నాడు. పిండి కలుపుతూ అతనూ నాతోనే అన్నాడు. "మనిషిని పంపిస్తానని చెప్పు మా."

నేను పిచ్చిదానిలా ఇటు తిరిగి, "మనిషిని పంపిస్తారట" అన్నాను. టీ కొట్టాయన తలూపాడు. పని అయిపోయింది.

బల్ల మీద ఉన్న ఒక ముసలాయనకి నా మొహం చూసి జాలేసినట్టుంది. "ఈయప్పది ఒక పార్టీ, ఆయప్పది ఒక పార్టీ మా. మాటల్లేవు. పని పడితే నడమ మనిషి ఉండాల" అన్నాడు.

"మనిషి దొరక్కపోతే?"

"కుక్కతో చెప్తారు. గోడతో చెప్తారు. ఇనాల్సినోడు ఇంటాడు."

"ఫ్యాక్షన్ అయిపోయిందన్నారు కదండీ?"

"కత్తులు అయిపోయినాయి. మాటలే ఇంగా రాలేదు" అని ఆయన చుట్ట వెలిగించుకున్నాడు.

మా ఇళ్ళల్లో అలిగిన తోడికోడళ్ళు ఇలా పిల్లల్ని అడ్డం పెట్టుకుని మాట్లాడుకోవడం చూశాను. వాళ్ళ అలక రెండు రోజులు. ఇక్కడ బజ్జీలాయన తండ్రికీ, టీ కొట్టాయన తండ్రికీ కూడా మాటల్లేవట. బస్సు బాగుపడి ఎక్కేటప్పుడు నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

ప్రొద్దుటూరు

ప్రొద్దుటూరులో ఉదయం ఎర్రకారం దోసె తిన్నాను. గుంటూరు పక్క మనిషిని, కారం నాకు కొత్తేమిటనుకున్నాను. రెండో ముక్కకి కళ్ళు తుడుచుకున్నాను. వెల్లుల్లి ఎక్కువ వేసి, మిరపకాయలు నానబెట్టి రుబ్బుతారట. మా కొట్లో కూడా పెడదామని అన్నీ అడిగి రాసుకున్నాను. పైన వెన్న ముద్ద వేసి ప్లేటు నలభై రూపాయలు. తెనాలిలో అంత వెన్నతో నలభైకి ఇస్తే కొట్టు మూసుకోవాలి.

బంగారం కొట్ల వీధి గుండా నడుస్తూ చేతి గాజులు లెక్క చూసుకున్నాను. ఆ వీధిలో ఎవరికైనా ఆ అలవాటు వస్తుంది. నేను కొనాల్సింది మాత్రం బట్టలు. తాళ్ళ మీద చీర కుదరదని గండికోటలో కొండ దింపే క్యాంపు వాళ్ళు ఫోన్లోనే చెప్పారు. పెళ్ళయ్యాక చుడీదార్ వేసుకున్న పాపాన పోలేదు.

బట్టల కొట్టు శెట్టిగారు పెద్ద మనిషి. నా కొలతలు కంటితోనే చూసి, నా మనసు నొచ్చుకోకుండా ఒక సైజు తగ్గించి చెప్పి, పెద్ద సైజే తీసిచ్చారు. మాటల్లో ఫ్యాక్షన్ రోజుల సంగతి అడిగాను.

"యాపారానికి పార్టీ యాడుందమ్మా? ఒక వర్గం వాళ్ళు పెండ్లి బట్టలకు పొద్దున వస్తాండ్రి. రెండో వర్గం వాళ్ళకు సాయంత్రం రమ్మని కబురు పెడతాంటిమి. నడమ షాపు కడిగిస్తాంటిమి, తమలపాకుల ఎంగిలి గూడా ఒకరిది ఒకరికి కనపడగూడదని." ఆయన గల్లాపెట్టె పక్క అరలో నుంచి రెండు రంగుల కండువాలు తీసి చూపించారు. "ఇప్పుడు ఇవి అమ్ముతాండాం. రెండూ ఒకటే తాను గుడ్డ. రంగు మాత్రం ఏరే."

నా డ్రెస్సుకి చున్నీ చాలా పొడుగ్గా ఉందన్నాను. "వయసుకు తగ్గట్టు ఉంటాదమ్మా, నిండుగా కప్పుకోవచ్చు" అన్నారు. ఆ మాట నాకు నచ్చింది.

జమ్మలమడుగు దాటాక

జమ్మలమడుగులో ఆటో ఎక్కితే పావుగంటలో పొలాలు అయిపోయి రాళ్ళు మొదలయ్యాయి. గండికోట ఊరు కోటలోపలే ఉంది. మసీదు, ధాన్యం కొట్టు, పాడుబడిన గుడి దాటి రాళ్ళ మీద నడిచి వెళ్తే ఒక్కసారిగా నేల ఆగిపోతుంది. కింద ఎక్కడో ఆకుపచ్చటి నీళ్ళు. నేను అంచుకి చాలా దూరంలోనే కూర్చుండిపోయాను. కూర్చునే వెనక్కి జరిగాను. చుట్టుపక్కల కుర్రాళ్ళు ఫోటోలు తీసుకునే హడావిడిలో నన్ను గమనించలేదు.

క్యాంపులో నన్ను చూసుకున్నది ఇద్దరు. రామాంజి, ఓబులేసు అని రాస్తాను, అవి నేను పెట్టిన పేర్లు. ఇద్దరికీ ముప్పై అయిదు లోపే ఉంటాయి. ఇద్దరివీ గొర్రెలు మేపుకునే ఇళ్ళు. కొండాపురం వైపు రిజర్వాయరు కింద మునిగిపోయిన ఊళ్ళలో ఒకటి వాళ్ళది.

ఆ సాయంత్రం ఓబులేసు నన్ను సన్నటి తెడ్డు పడవ ఎక్కించి, తను ఇంకో పడవలో పక్కనే వచ్చాడు. మొదట గిర్రున తిరిగాను, తర్వాత ఒడ్డుకి కొట్టుకున్నాను, ఆ తర్వాత కుదిరింది. రెండు వైపులా ఎర్ర గోడల్లాంటి కొండలు, మధ్యలో మా తెడ్ల చప్పుడు. అతను నీళ్ళు వెనక్కి పరుచుకున్న వైపు చూపిస్తూ, "అదో, ఆ పక్కన మా ఊరు మేడం. ఎండలకాలం నీళ్ళు తగ్గితే వాటర్ ట్యాంకు నెత్తి కనపడతాది" అన్నాడు. ఊళ్ళో రెండు పార్టీలు ఉండేవట, వీధికి ఈ పక్క ఒకటి, ఆ పక్క ఒకటి. రామాంజి వాళ్ళది ఆ పక్క.

"మరి ఇద్దరూ ఒకే చోట పనిచేస్తున్నారుగా?"

"రెండు పార్టీల పెద్దోళ్ళూ రాజీ అయి ఒకే పార్టీలో చేరినారు మేడం. ఈ క్యాంపు పెట్టినప్పుడు ఓనరు కాడికి పోయి, నీ మనిషొకడు, నా మనిషొకడు అని పనులు పంచుకున్యారు. పై తాడు రామాంజికి వచ్చింది. కింది తాడు నాకు."

"అయితే మాట్లాడుకుంటున్నారన్నమాట."

అతను తెడ్డు వేయడం ఆపాడు. "రాజీ అయింది పెద్దోళ్ళు మేడం" అన్నాడు.

లోయ అంచు

మర్నాడు పొద్దున్నే తాడు పని. మేనేజరు గ్యాస్ సిలిండరు కోసం జమ్మలమడుగు వెళ్ళాడు. నాతో రావలసిన హైదరాబాదు జంట రాత్రి బిర్యానీ దెబ్బకి గుడారం వదల్లేదు. నేనొక్కదాన్నే.

పద్ధతి ఇది. కొండ అంచున బండకి కట్టిన ఎర్ర తాడు ఒకటి. నడుముకీ తొడలకీ పట్టీలు బిగించి, ముందు వైపు ఒక ఇనుప కడియం తగిలిస్తారు. ఎర్ర తాడు ఆ కడియంలో మెలి తిరిగి జారుతుంటే మనం దిగుతాం. కింద ఓబులేసు ఆ తాడు కొస పట్టుకుంటాడు. అతను లాగితే కడియం బిగిసి మనం ఆగిపోతాం. ఇది కాక ప్రాణానికి అడ్డుగా పసుపు తాడు ఒకటి, అది పైన రామాంజి చేతిలో ఉంటుంది. ఇద్దరూ మాట్లాడుకోరు కాబట్టి మేనేజరు ఇద్దరికీ చెరో ఈల కొనిచ్చాడు. ఒక ఈల అంటే వదులు, రెండు అంటే బిగించు. అంతకు మించి చెప్పాల్సి వస్తే మధ్యలో వేలాడేవాళ్ళు ఎలాగూ ఉంటారు. సింహాద్రిపురంలో తడిక పక్కన నిలబడ్డాను, ఇక్కడ తాడుకి వేలాడబోతున్నాను.

"మెడలో ఏందీ ఉండగూడదు మేడం. చున్నీ తీసేయండి" అన్నాడు రామాంజి.

పరాయి మగవాళ్ళ ముందు చున్నీ లేకుండా నిలబడడం నా వల్ల కాలేదు. మెడకి రెండు చుట్లు చుట్టి, కొసలు పట్టీలోకి గట్టిగా దోపాను. అతను మళ్ళీ ఏదో అనబోయి, ఆడమనిషితో ఎలా వాదించాలో తెలియక ఊరుకున్నాడు.

వెనక్కి అడుగు వేయడం గురించి గొప్పగా రాయాలని ఉంది కానీ, కళ్ళు మూసుకున్నాను, ఏడ్చాను, దేవుళ్ళందరికీ మొక్కాను. కాసేపటికి కళ్ళు తెరిచాను. పాదాలు బండ మీద ఆనుతున్నాయి, తాడు జారుతోంది, నేను దిగుతున్నాను. వీడియోలో పిల్ల ఎందుకు నవ్విందో తెలిసింది. నేనూ నవ్వాను. బండ లోపలికి ఒంగి ఉన్న చోటు వచ్చేసరికి పైన రామాంజి కనిపించకుండా పోయాడు. అప్పుడే దోపిన చున్నీ కొస ఊడి, కడియంలోకి వెళ్ళి ఇరుక్కుంది. ఆగిపోయాను.

కింద నుంచి ఓబులేసు కేకేశాడు. "మేడం, చున్నీ పట్టేసింది! ఆ పైనాయనకు చెప్పు, పసుపు తాడు లాగమని!"

నేను పైకి అరిచాను. "పసుపు తాడు లాగమంటున్నాడు!"

"ఎంత లాగల్లనో అడుగు మేడం!"

"ఎంత లాగాలి?"

"మూరెడు!"

"మూరెడంట!" అని అరిచి, అరిచాక ఒళ్ళు మండింది. నా ప్రాణం గాల్లో ఉంటే నేను వీళ్ళకి మూరలు కొలిచి చెప్పాలా? "మీరూ మీరూ మాట్లాడుకోండయ్యా!" అన్నాను. పైనా కిందా ఇద్దరూ ఊరుకున్నారు.

రామాంజి మూరెడు లాగాడు. ఓబులేసు మాత్రం నేను పడిపోకూడదని ఎర్ర తాడు ఇంకా బిగపట్టే ఉన్నాడు. పైనుంచి నన్ను పట్టుకున్నారని అతనికి తెలియదు, వదలమని ఎవరూ చెప్పలేదు. పైన ఒకరు, కింద ఒకరు లాగేసరికి కడియం తిరగబడి ఇంకో జానెడు చున్నీ మింగింది. మెడ చుట్టూ ఉన్న చుట్లు బిగిశాయి. గడ్డం గుండెలకి ఆనుకుంది. ఒక చేతి వేళ్ళు గుడ్డకీ గొంతుకీ మధ్య దూర్చగలిగాను కాబట్టి కొద్దిగా గాలి ఆడుతోంది. "లాగొద్దు" అనబోయాను. గొంతులోంచి ఏమీ రాలేదు.

"మేడం, చాలా? ఇంగా లాగల్లనా?" పైనుంచి.

"మేడం, ఏమంటాండాడు?" కింది నుంచి.

"మేడం!"

పైన ఈల మోగింది. కింద ఈల మోగింది. వదులు అంటున్నారో బిగించు అంటున్నారో వాళ్ళకే తెలియదు. చచ్చిపోతానని భయం వేసింది. ఇంటి దాకా తీసుకెళ్ళినా, ఆ మునిసిపాలిటీ గుంత మీదుగా నన్ను ఎలా దాటిస్తారా అనే పిచ్చి ఆలోచన కూడా వచ్చింది.

అప్పుడు కింద నుంచి ఒక కేక వచ్చింది.

"రాంజీ! గొంతుకు చుట్టుకునింది రా! ఆమెకు మాట రాదు! నువ్వు బిగించి బండకు కట్టేయ్, నేను వదుల్తా!"

పైన పసుపు తాడు బండకి రాసుకుంటున్న చప్పుడు వినిపించింది.

"కట్టినా! ఓబులేసూ, వదులు! నిదానం!"

"వదుల్తాండా! నువ్వు లాగు! ఇంగా లాగు!"

"చాల్నా?"

"ఇంగ జానెడు! చాలు, చాలు, ఆపు!"

లోయ ప్రతి మాటనీ రెండోసారి అంది. నా బరువు పసుపు తాడు మీదికి మారింది, చున్నీ వదులైంది. లాగి కిందికి పారేశాను. ఊపిరి ఒక్కసారిగా లోపలికి వచ్చి దగ్గు తెప్పించింది. మిగతా కొండ ఎలా దిగానో గుర్తులేదు.

నది ఒడ్డు

ఓబులేసు నా మెడ చూశాడు, నీళ్ళ సీసా ఇచ్చాడు. ఆ తర్వాత అతను చూసింది నన్ను కాదు, కొండ అంచుని. అక్కడ మేకల మందతో ఇద్దరు మనుషులు నిలబడి ఉన్నారు.

"అక్కా, నిన్నొకటి అడుగుతా" అన్నాడు. అప్పటిదాకా మేడంని. "మేమిద్దరం మాట్లాడుకున్న సంగతి యాడా చెప్పొద్దు."

"పెద్దవాళ్ళు ఏమన్నా అంటారా?"

"పెద్దోళ్ళను ఎవురు లెక్క పెడతారు అక్కా. రాంజీ వాళ్ళమ్మ. మా ఇంటోళ్ళతో కొడుకు మాట్లాడితే ముద్ద ముట్టనని అనింది, వాళ్ళ నాయన చచ్చిపోయిన కాడినుంచి. వాళ్ళ నాయన్ని ఫ్యాక్షన్లో చంపినారు. మా నాయన కేసులో లేడు, ఆయప్ప ఏ కత్తీ పట్టలేదు. అయినా మా ఇల్లంటే ఆమెకు పడదు. ఆమెకు శుగరు ఉండాది. అన్నదంటే అన్నట్టే చేస్తాది. తినకుండా పడిపోతే రాంజీ నా మొగం చూస్తాడా ఇంగ?"

కాలిబాట వెంట మెల్లగా పైకి వచ్చాం. రామాంజి నన్ను కూర్చోబెట్టి ఉప్పు నీళ్ళు పుక్కిలించమన్నాడు. ఓబులేసు వైపు తిరగకుండా, "అక్కా, తాళ్ళు ఎండకు పెట్టొద్దని ఆయనకు చెప్పు" అన్నాడు. మాట్లాడితే గొంతు మండుతోంది. చేత్తో తాళ్ళనీ ఎండనీ చూపించాను. ఓబులేసు తీసి నీడలో వేశాడు.

ఇంతలో రామాంజి ఫోన్ మోగింది. మేకల వాళ్ళు కబురు చేర్చేశారు. తాడు మీద ఒకామె చావు తప్పించుకుందని తల్లికి తెలిసింది. పానం మీదికి వచ్చిన మనిషికి దిష్టి తీయకుండా, ముద్ద పెట్టకుండా ఎట్ల పంపిస్తావని ఆమె అరుపు నాకు ఫోన్లో నుంచే వినిపించింది. వాళ్ళ ఇల్లు కొండాపురంలో, నా రైలు కూడా అక్కడే. తప్పించుకునే దారి లేదు.

బండి మీద వెళ్తుంటే రామాంజి ఒకే మాట అన్నాడు. "మా అమ్మ అడుగుతాది అక్కా. లేదని చెప్పు."

కొండాపురం

ఊరు మునిగినవాళ్ళకి కట్టిన కాలనీ అది. ఇళ్ళన్నీ ఒకే కొలత. స్థలాలు చీటీలు తీసి ఇచ్చారట. చీటీకి పార్టీ తెలియదు కదా, రామాంజి ఇంటి పక్కనే ఓబులేసు ఇల్లు వచ్చింది. ఇద్దరికీ ఒకే గోడ. రామాంజి తల్లి లక్ష్ముమ్మ వీధి తలుపు మూయించేసి, వాళ్ళ మొహాలు కనపడకుండా వెనక వైపు వాకిలి పెట్టించుకుంది. మేం గొర్రెల దొడ్డి మీదుగా ఇంట్లోకి వెళ్ళాం.

సన్నటి మనిషి. గొంతు మాత్రం ఫోన్లో విన్నంత ఉంది. ఉప్పూ ఎండుమిరపకాయలూ నా చుట్టూ తిప్పి పొయ్యిలో వేసింది. ఘాటు రాలేదు. "ఎంత దిష్టి తగిలినాదో చూడు తల్లికి" అని తన చీర చెంగుతో నా మొహం తుడిచింది. నాకు కళ్ళ వెంట నీళ్ళొచ్చాయి. మా అమ్మ పోయాక నా మొహం ఎవరూ తుడవలేదు.

నాకూ కొడుక్కీ కంచాలు పెట్టింది. రాగి సంగటి, నాటుకోడి పులుసు, పల్లీలు నూరి చేసిన ఊరిబిండి. సంగటి నమలకూడదట, పులుసులో ముంచి మింగాలి. నా గొంతుకి అది ఎంతో హాయిగా ఉంది. పులుసులో ఏం వేశావని అడిగాను. ధనియాలు వేయించే పద్ధతి చెప్పింది. నువ్వూ కూర్చోమంటే, "మీరు తిన్నాక తింటాలే, మాత్ర ఏసుకోవాల ముందు" అంది. మాత్రల అట్ట ఆమె ఒళ్ళో ఉంది.

కొంచెం సేపయ్యాక, "మెడ మీద ఆ వాత ఏంది?" అంది.

"చున్నీ బిగుసుకుంది."

"గట్టిగనే పట్టినాదే. అరిసినావా?"

"గొంతు రాలేదమ్మా" అన్నాను. అన్నాక నోరు కరుచుకున్నాను.

"గొంతు రాలేదా." ఆమె వంగి నా మెడ చూసింది. "నడమ మనిషి గొంతు మీదనే గదా ఆ పని నడిచేది. నీ గొంతు పోతే మాట ఎవురు మోసినారు?"

రామాంజి చెయ్యి కంచంలో ఆగిపోయింది. నేను, "ఈలలు వేశారమ్మా" అన్నాను.

"గొంతుకు చుట్టుకునిందని ఈలతో ఎట్ల చెప్తారు?"

కొట్లో నిన్నటి పప్పుని ఇవాళ్టిదని అమ్మిన రోజులున్నాయి, ఆ మనిషి ముందు మాత్రం రెండో అబద్ధం రాలేదు.

"ముందు ఎవురు అరిసినారు?" అంది. కొడుకుని కాదు, నన్నే అడిగింది.

"కింద ఉన్న అబ్బాయి" అన్నాను. "రాంజీ అని పేరు పెట్టి పిలిచాడు."

గోడ అవతల ఎవరో అంట్లు తోముతున్న చప్పుడు వినిపిస్తోంది. లక్ష్ముమ్మ ఆ గోడ వైపు తిరిగింది.

"ఆ పొద్దు మా ఆయప్ప గొర్రెలు తోలుకుని వస్తాండాడు" అంది. "వంక కాడ పొదల్లో మనుషులు కాపు కాసి ఉండారు. ఈ ఓబులేసు వాళ్ళ నాయన పక్క చేన్లోనే ఉండె, వాళ్ళను చూసినాడు. మా ఆయప్పను గూడా చూసినాడు. ఒక్క కేక ఏసింటే చాలు, ఆయప్ప ఎనక్కి తిరిగింటాడు. ఎయ్యలేదు. మళ్ళ ఎవురో అడిగితే, మాకూ వాళ్ళకూ మాటల్లేవు, ఎట్ల పిలిచేది అన్యాడంట."

రామాంజి తల ఎత్తి తల్లిని చూశాడు. అతనికి ఈ సంగతి ఇంతవరకు తెలియదని ఆ చూపులోనే తెలిసింది.

ఆమె లేచింది. పులుసు గిన్నె మీద మూత పెట్టింది. మాత్రల అట్ట గూట్లో పెట్టేసింది.

"అమ్మా!" అన్నాడు రామాంజి.

"అన్నది అన్నదే. ఈ పొద్దు నేను ముట్టను. నీళ్ళు తాగుతా, చచ్చిపోనులే. రేపు తెల్లారి తింటా." నా కంచంలో ఇంకో ముద్ద సంగటి పెట్టింది. "నువ్వు తిను మా. నీ గొంతుకు మంచిది."

నేను తిన్నాను. ఎదురుగా ఆమె ఖాళీ చేతులతో కూర్చుని ఉంటే తినడం కష్టమైంది. కానీ వదిలేస్తే ఆమె ఊరుకోదని తెలుసు.

రామాంజి చెయ్యి కడుక్కుని వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు. వెళ్ళడు, కూర్చోడు. చివరికి, "మా, రేపు బెంగుళూరు కాలేజీ పిల్లోళ్ళు వస్తాండారు. బస్సు నిండా" అన్నాడు. "అందర్నీ దించల్ల."

లక్ష్ముమ్మ నా కంచం తీసుకుంటూ, కొడుకు వైపు చూడకుండా చెప్పింది.

"పైలంగా దించండి ఇద్దరూ. రేపట్నుంచి నేను అడగను."